సోమరి వాయువుల వరుసను వెలికితీసిన సర్ విలియం రామ్సే

మన పిల్లలు పై తరగతులకు వచ్చి రసాయన శాస్త్రం మొదలుపెట్టగానే గోడకు వేలాడే ఆవర్తన పట్టిక ఒకటి ఎదురవుతుంది. దానిలో కుడివైపు చిట్టచివర నిలువుగా ఒక వరుస ఉంటుంది. హీలియం, నియాన్, ఆర్గాన్, క్రిప్టాన్, జెనాన్, రేడాన్. పాత పాఠ్యపుస్తకాలు వీటిని జడవాయువులు అన్నాయి. ఇప్పటి పుస్తకాలు ఉత్కృష్ట వాయువులు అంటున్నాయి. పేరు ఏదైనా, 1894కు ముందు పట్టికలో ఆ వరుసే లేదు. ఇంకా దొరకని మూలకాలకు ముందుచూపుతో ఖాళీలు వదిలిన మెండెలీవ్ అంతటివాడు కూడా ఈ కుటుంబానికి ఒక్క గడి వదలలేదు. ఉన్నాయని ఎవరూ ఊహించని ఆ వాయువులలో ఐదింటిని భూమిమీద పట్టి సీసాలో బంధించి చూపినవారు సర్ విలియం రామ్సే, ఆయన సహచరులు. ఆరవదాన్ని కూడా ఆయనే తూచి బరువు చెప్పారు.

ఇంత చేసిన మనిషికి ఒక్క సంగతి మాత్రం పూర్తిగా తెలియకుండానే పోయింది. ఈ వాయువులు ఎవరితోనూ ఎందుకు కలవవు? ఆ జవాబు ఆయన కన్నుమూసిన ఏడాదే బయటపడడం మొదలైంది. అందుకే ఆయన కథ చెప్పబూనితే ఆయన మరణంతో ఆపడానికి వీలులేదు.

రామ్సే 1852 అక్టోబరు 2న స్కాట్లండులోని గ్లాస్గో నగరంలో జన్మించారు. తండ్రి ఇంజనీరు. పినతండ్రి ఆండ్రూ రామ్సే పేరుమోసిన భూగర్భ శాస్త్రజ్ఞుడు. కుర్రవానికి 14 ఏళ్లకే విశ్వవిద్యాలయ ప్రవేశం దొరికింది గాని, మొదట చదివినది రసాయన శాస్త్రం కాదు, లాటిను, గ్రీకు వంటి ప్రాచీన విద్యలు. ఒకసారి ఫుట్‌బాల్ ఆటలో కాలు విరిగి మంచాన పడి ఉన్నప్పుడు, బాణసంచా ఎలా చేయాలో తెలుసుకుందామని రసాయన శాస్త్ర గ్రంథం తిరగవేశారనీ, ఆ రుచి ఇక వదలలేదనీ చెబుతారు. దీపావళికి మతాబులు చుట్టుకున్న పెద్దలున్న ఇళ్లలో ఈ కథ సులువుగానే నమ్ముతారు.

తరువాత జర్మనీ వెళ్లి ట్యూబింగెన్‌లో ఫిటిగ్ వద్ద శిష్యరికం చేసి 1872లో డాక్టరు పట్టా తీసుకున్నారు. గ్లాస్గోకు తిరిగివచ్చి కొన్నాళ్లు సహాయకుడుగా పనిచేసి, 1880లో బ్రిస్టల్ యూనివర్సిటీ కాలేజీకి ఆచార్యులుగా వెళ్లారు. మరుసటి ఏడాదే ఆ కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. మార్గరెట్ బుకానన్‌తో వివాహమూ అప్పుడే. ఒక కొడుకు, ఒక కూతురు. 1887లో లండన్ యూనివర్సిటీ కాలేజీలో రసాయన శాస్త్ర పీఠం లభించింది. ఆయన కీర్తి అంతా అక్కడినుంచే. గాజు గొట్టాలను మంటలో కాచి, ఊది, తనకు కావలసిన పరికరాలు తానే చేసుకునే నేర్పు ఆయన చేతికి ఉంది. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. కాని చెంచాడు గాలిలో దాగిన బుడగను పట్టవలసినవానికి అదే పెద్ద ఆస్తి.

ఇప్పుడు అసలు కథకు వద్దాం. 1892లో భౌతిక శాస్త్రజ్ఞుడు రాలే ప్రభువు ఒక చిక్కులో పడ్డారు. గాలిలోనుంచి తీసిన నత్రజని ఒక లీటరు తూచితే దాదాపు 1.257 గ్రాములు వస్తోంది. అమోనియా వంటి పదార్థాలనుంచి రసాయనికంగా తీసిన నత్రజని తూచితే 1.251 గ్రాములే వస్తోంది. తేడా నూటికి అర పాలు. సంతలో తూచే తక్కెడలో ఈ తేడాను ఎవరూ పట్టించుకోరు. ప్రయోగశాలలో కూడా చాలామంది చేతి దోషమని కొట్టిపారేసేవారే. రాలే పారేయలేదు. ఈ తేడాకు కారణమేమిటో ఎవరైనా చెప్పగలరా అని పత్రికాముఖంగా అడిగారు. 1894 ఏప్రిల్‌లో రాయల్ సొసైటీలో ఆయన ఈ సంగతి ప్రస్తావించినప్పుడు రామ్సే సభలో ఉన్నారు. గాలి నత్రజనిలో ఏదో బరువైన వాయువు కలిసి ఉండాలని ఆయనకు తోచింది. రాలే సమ్మతితో తానూ పని మొదలుపెట్టారు.

పద్ధతి వినడానికి సులువే. మెగ్నీషియం లోహాన్ని ఎర్రగా కాలిస్తే అది నత్రజనిని మింగివేస్తుంది. గాలినుంచి ప్రాణవాయువు, తేమ, బొగ్గుపులుసు వాయువు తీసివేసి, మిగిలిన నత్రజనిని కాలుతున్న మెగ్నీషియం మీదుగా మళ్లీమళ్లీ ఇటూ అటూ నడిపించారు. వాయువు తగ్గిపోతున్నకొద్దీ దాని సాంద్రత పెరగసాగింది. ఉదజనితో పోల్చి 14 ఉండవలసినది 15 దాటింది, 16 దాటింది, చివరకు 20 దగ్గర నిలిచింది. ఆ మిగులును గాజు గొట్టంలో నింపి విద్యుత్తు పంపి వర్ణపట దర్శినిలో చూస్తే, అంతకుముందు ఏ మూలకానికీ లేని ఎరుపు, ఆకుపచ్చ గీతలు కనబడ్డాయి. 1894 ఆగస్టులో ఆక్స్‌ఫర్డ్ సభలో రాలే, రామ్సే ఇద్దరూ కలిసి వార్త ప్రకటించారు. మనం పీల్చే గాలిలో నూటికి దాదాపు ఒక వంతు ఉండి కూడా ఎవరి కంటా పడని ఆ వాయువుకు ఆర్గాన్ అని పేరుపెట్టారు. గ్రీకులో దాని అర్థం పనిచేయనిది, అంటే సోమరి. 1785లోనే కావెండిష్ గాలి నత్రజనిలో ఎంతకీ తరగని చిన్న బుడగను చూసి రాసిపెట్టారు. నూరేళ్లకు పైగా ఆ మాట పుస్తకాల్లో నిద్రపోయింది.

పేరు పెట్టారు సరే, దాని నడవడి మాత్రం ఎవరికీ మింగుడుపడలేదు. ప్రతి మూలకమూ మరొకదానితో ఎన్ని చేతులు కలపగలదో లెక్కపెట్టడమే ఆనాటి రసాయన శాస్త్రం. ఆర్గాన్‌కు చేతులే లేవు. ఆమ్లం, క్షారం, నిప్పు, విద్యుత్తు, ఏదీ దాన్ని కదిలించలేదు. పారిస్‌లో ఫ్లోరిన్ వాయువును మొదటిసారి వేరుచేసిన మొయిసాన్ ఉన్నారు. ఫ్లోరిన్‌ను మించి దూకుడుగల మూలకం లేదు. రామ్సే ఆయనకు 100 ఘన సెంటీమీటర్ల ఆర్గాన్ పంపారు. మొయిసాన్ రెండింటినీ కలిపి విద్యుత్ మెరుపులు కూడా పంపి చూశారు. ఏమీ జరగలేదు. పైగా దాని పరమాణుభారం 40 దాకా వచ్చింది. పొటాషియం 39. బరువు ప్రకారం పేర్చిన పట్టికలో ఆర్గాన్‌కు చోటు ఎక్కడ? ఇది మూలకమే కాదు, మూడు నత్రజని పరమాణువులు కూడిన వాయువై ఉండాలని మెండెలీవ్ అనుమానించారు. రామ్సే, రాలే ఆ వాయువులో ధ్వని వేగం కొలిచి దాని అణువులో ఒకే పరమాణువు ఉందని తేల్చారు. తనలో తాను కూడా జతకట్టని వాయువన్నమాట.

ఈ చిక్కు తీరకముందే మరొకటి వచ్చిపడింది. యురేనియం ఖనిజాన్ని ఆమ్లంలో వేస్తే ఒక మందకొడి వాయువు వస్తుందని తెలిసి, అది ఆర్గానేమో చూద్దామని రామ్సే 1895 మార్చిలో క్లీవైట్ అనే ఖనిజం తెప్పించారు. వర్ణపటంలో కనబడింది ఆర్గాన్ కాదు. ప్రకాశమానమైన ఒక పసుపు గీత. సోడియం గీతకు పక్కనే ఉంది గాని దానితో కలవడం లేదు. క్రూక్స్ చేత కొలిపించగా, అది అంతవరకు సూర్యునిలో మాత్రమే ఉన్నదనుకున్న హీలియం గీత అని తేలింది. స్వీడన్‌లో క్లీవ్, లాంగ్లెట్ కూడా దాదాపు అదే సమయంలో, వేరుగా పనిచేస్తూ, ఆ ఖనిజంలోనే దాన్ని కనుగొన్నారు.

ఇక్కడ మన గడ్డకు ఒక సంబంధం ఉంది. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం తెలుగుదేశం మీదుగా నడిచింది. మన ముత్తాతల తరంవారు కూలి ఒడంబడికలమీద ఓడలెక్కి సముద్రాలు దాటుతున్న రోజులవి. ఆ గ్రహణాన్ని చూడడానికి ఫ్రాన్సునుంచి జాన్సెన్ గుంటూరు వచ్చారు. మద్రాసు వేధశాల అధికారి పాగ్సన్ మచిలీపట్నంలో నిలిచారు. సూర్యుని అంచున లేచే జ్వాలల వర్ణపటాన్ని వారు చూశారు. సోడియం గీత దగ్గర ఒక పసుపు గీత ఉన్న సంగతి పాగ్సన్ గుర్తించారు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లండులో లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతను చూసి, తరువాత హీలియం అని పేరుపెట్టారు. హీలియం గుంటూరులోనే పుట్టిందని మన సభల్లో గర్వంగా చెప్పుకుంటాం. ఆ కీర్తిని గుంటూరు, మచిలీపట్నం, లండన్ పంచుకోవడమే న్యాయమని నాకు తోస్తుంది. ఏమైనా గుంటూరు ఆకాశంలో మెరిసినది రామ్సే గాజు గొట్టంలోకి దిగడానికి 27 ఏళ్లు పట్టింది.

హీలియం 4, ఆర్గాన్ 40. రెండూ ఒకే స్వభావం. అయితే నడుమ 20 దగ్గర మరొకటి ఉండాలి కదా! 1897లో టొరంటో సభలో రామ్సే ఇంకా కనిపెట్టని వాయువు గురించే ప్రసంగించారు. ఉందని సభలో చెప్పి, తరువాత వెతకడానికి ధైర్యం కావాలి. ఖనిజాలు కాల్చారు, ఉల్కలు కాల్చారు, వేడినీటి ఊటల్లోని బుడగలు పట్టారు. చివరకు అది మళ్లీ గాలిలోనే దొరికింది. 1898లో గాలిని ద్రవంగా మార్చే యంత్రం అందుబాటులోకి రావడంతో, రామ్సే తన యువ సహచరుడు మోరిస్ ట్రావర్స్‌తో కలిసి ద్రవవాయువును కొంచెం కొంచెంగా మరగనిచ్చి భాగాలుగా విడదీశారు. మే 30న క్రిప్టాన్ దొరికింది. జూన్‌లో వెతుకుతున్న నియాన్ దొరికింది. జూలైలో జెనాన్. రెండు నెలలైనా నిండకుండా మూడు మూలకాలు! నియాన్ గొట్టంలో విద్యుత్తు పంపగానే గది అంతా కెంపు వెలుగు నిండిందట. కొత్తది అనే అర్థం వచ్చే పేరు పెట్టమని సూచించింది రామ్సే 13 ఏళ్ల కొడుకు. లాటినులో పిల్లవాడు చెప్పిన మాటను తండ్రి గ్రీకులోకి మార్చి నియాన్ చేశారు. 1910లో పారిస్‌లో జార్జ్ క్లాడ్ నియాన్ దీపాలు ప్రదర్శించిన తరువాత ఆ కెంపు వెలుగు అన్ని దేశాల అంగడి వీధులకూ ఎక్కింది.

ఇక జెనాన్ సంగతి. గాలిలో కోటి పాళ్లకు ఒక పాలు కూడా లేదు. అంత అరుదైనదాన్ని పట్టిన చేతిని ఏమని మెచ్చుకోవాలి?

1900 చివరలో రామ్సే దంపతులు మన దేశం వచ్చారు. జంషెడ్జీ టాటా తలపెట్టిన విజ్ఞాన సంస్థను ఎక్కడ పెట్టాలో సలహా చెప్పడానికి పిలిపించారు. దాదాపు పది వారాలు తిరిగి బెంగుళూరు అనువైన చోటని ఆయన సిఫారసు చేశారు. ఆ తరువాత ప్రభుత్వం వేరే సలహాలు కూడా అడిగింది, ఏళ్లు గడిచాయి, కాని చివరకు నిలిచింది బెంగుళూరే. ఆ సంస్థకు మొదటి డైరెక్టరుగా 1906లో వచ్చినది క్రిప్టాన్ పట్టిన ట్రావర్సే. తెలుగు పిల్లలు ఎందరో చదువుకున్న ఆ విద్యాలయానికి పునాదిలో ఈ గురుశిష్యుల పాలు ఉంది.

1904లో రామ్సేకు రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమానం వచ్చింది. అదే ఏడాది భౌతిక శాస్త్ర బహుమానం రాలేకు వచ్చింది. ఒకే బుడగకు రెండు బహుమానాలు. అప్పటికే, 1903లో, సాడీతో కలిసి రేడియం నుంచి హీలియం పుడుతోందని చూపారు. ఒక మూలకం నుంచి మరొక మూలకం! 1910లో రేడియం విడిచే వాయువును, అంటే నేటి రేడాన్‌ను, కంటికి ఆననంత కొంచెం తీసుకుని విట్‌లా గ్రే తోడుతో తూచి, దాని పరమాణుభారం తేల్చి వరుసను పూర్తిచేశారు.

ఆయన తప్పులు దాచడం జీవితచరిత్ర కాదు. మూలకాలు మారుతాయన్న ఉత్సాహంలో 1907లో రాగి లిథియంగా మారిందని ప్రకటించారు. మేడం క్యూరీ, గ్లెడిష్ గాజుకు బదులు ప్లాటినం పాత్రలో అదే ప్రయోగం చేయగా లిథియం రాలేదు. అది గాజులోనుంచి వచ్చినదే. తన చేతితో తాను ఊదిన గాజే ఆయనను మోసగించింది. అర పాలు తేడాను వదలని కన్ను అక్కడ ఎందుకు ఏమరిందో!

ఆయన చూపు సరైన వైపు తిరిగిన సందర్భమూ ఉంది. 1908లో కెమికల్ సొసైటీ అధ్యక్షోపన్యాసంలో ఆయన ఎలక్ట్రానే ఒక మూలకం వంటిదనీ, పరమాణువులను కలిపి ఉంచేది అదేననీ వాదించారు. అప్పటికింకా పరమాణు కేంద్రకమే ఎవరికీ తెలియదు. తలుపు ఆయన చేతికందేంత దూరంలోనే ఉంది.

1911లో రూథర్‌ఫర్డ్ కేంద్రకాన్ని చూపారు. 1913లో మోస్లే పట్టికలో వరుసను నిర్ణయించేది బరువు కాదు, కేంద్రకపు విద్యుదావేశమని తేల్చారు. దాంతో ఆర్గాన్ 18, పొటాషియం 19 అయి పాత చిక్కు విడిపోయింది. అప్పటికి రామ్సే ఉద్యోగం విరమించి హేజిల్‌మియర్ అనే పల్లెలో ఉన్నారు. యుద్ధం వచ్చింది. తనకు విద్య చెప్పిన జర్మనీ మీదనే ఆయన కటువుగా రాశారు. ముక్కులో కాన్సరు బాధించింది. 1916 జూలై 23న తమ 63వ ఏట మరణించారు. ఆ ఏడాదే జర్మనీలో కోసెల్, అమెరికాలో లూయిస్, ఒకరికొకరు తెలియకుండా, ఈ వాయువుల వెలుపలి ఎనిమిది ఎలక్ట్రానుల అమరికలోనే రసాయన శాస్త్రపు తాళంచెవి ఉన్నదని ప్రచురించారు. ఇతర మూలకాలు ఎలక్ట్రానులు ఇచ్చుకునేది, పుచ్చుకునేది, పంచుకునేది ఆ అమరికను చేరడానికేనని వారి భావం.

ఆ అమరిక ఏమిటో పిల్లలకు చెప్పాలంటే మన పెళ్లి బంతులు గుర్తుచేసుకుంటే సులువు. కేంద్రకానికి దగ్గరి బంతిలో విస్తళ్లు రెండే. రెండవ బంతిలో 8, మూడవదానిలో 18, నాలుగవదానిలో 32. శాస్త్రంలో ఈ బంతులను కర్పరాలంటారు. ప్రతి బంతిలోనూ చిన్న వరుసలున్నాయి. ఎస్ వరుసకు 2 చోట్లు, పి వరుసకు 6, డి వరుసకు 10, ఎఫ్ వరుసకు 14. ఒక విస్తరి ముందు ఇద్దరు కూర్చోరాదు. ఈ నియమం 1925లో పౌలీ చెప్పినది. కర్పరాల లెక్కలను అంతకుముందే, 1922 నాటికి, నీల్స్ బోర్ చాలావరకు పేర్చిపెట్టారు. ఆ ప్రకారం హీలియంలో 2. నియాన్‌లో 2, 8. ఆర్గాన్‌లో 2, 8, 8. క్రిప్టాన్‌లో 2, 8, 18, 8. జెనాన్‌లో 2, 8, 18, 18, 8. రేడాన్‌లో 2, 8, 18, 32, 18, 8. హీలియం తప్ప అన్నిటికీ చివర ఎనిమిదే.

వెలుపలి బంతి నిండిపోయింది కనుక ఇవి కదలవని బడిలో చెబుతారు. హీలియం, నియాన్ల వరకు అది నిజం. ఆర్గాన్ మూడవ బంతిలో 18 చోట్లుండగా కూర్చున్నవారు 8 మందే. డి వరుస పది విస్తళ్లూ ఖాళీ. మరి శాంతి ఎక్కడిది? ఆ ఖాళీ చోట్లు ఎత్తైన మెట్టుమీద ఉన్నాయి. పందొమ్మిదవ ఎలక్ట్రాను వస్తే అది కూడా వాటిని వదిలి నాలుగవ బంతిలో కూర్చుంటుంది. అదే పొటాషియం. కనుక ఎస్ రెండు, పి ఆరు నిండడం, ఆ తరువాతి చోటు చాలా ఎత్తున ఉండడం, అసలు కారణం ఇది. కొత్తవారిని చేర్చుకుంటే లాభం లేదు. ఉన్నవారిని లేపాలంటే ఖర్చు ఎక్కువ. నియాన్ నుంచి ఒక ఎలక్ట్రానును లాగడానికి 21.6 ఎలక్ట్రాన్ వోల్టుల శక్తి కావాలి. పక్కనున్న సోడియంకు 5.1 చాలు. సోమరితనమని ఆనాడు పేరుపెట్టారు గాని, నిజానికి ఇది తృప్తి.

అయితే కేంద్రకానికి దూరమైనకొద్దీ పట్టు సడలుతుంది. ఆర్గాన్‌కు 15.8, క్రిప్టాన్‌కు 14.0, జెనాన్‌కు 12.1. 1962 మార్చి 23న వాంకూవర్‌లో నీల్ బార్ట్‌లెట్ ఈ చివరి అంకెను పట్టుకున్నారు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ అనే ఎర్రని వాయువు ఆక్సిజన్ అణువునుంచి ఎలక్ట్రానును లాగగలదని ఆయనకు అప్పటికే తెలుసు. ఆక్సిజన్ అణువుకు కావలసినదీ 12.1 ఎలక్ట్రాన్ వోల్టులే. అదే వాయువును జెనాన్‌తో కలపగా గాజుపాత్రలో క్షణంలో పసుపు నారింజ రంగు ఘనపదార్థం ఏర్పడింది. అదే ఏడాది చికాగో దగ్గరి ఆర్గాన్ జాతీయ ప్రయోగశాలలో జెనాన్‌ను, ఫ్లోరిన్‌ను నికెల్ పాత్రలో 400 డిగ్రీలకు వేడిచేస్తే చాలు, తెల్లని స్ఫటికాలు వచ్చాయి. 1895లో మొయిసాన్ చేసి విఫలమైన పని దాదాపు ఇదే. రామ్సే ఆయనకు పంపిన సీసాలో ఉన్నది ఆర్గాన్. జెనాన్ దొరకడానికి ఇంకా మూడేళ్లు ఉంది.